చవక వేరు, చవకబారు వేరు

ఈ మధ్య ఒక ఆదివారం, కూడిక ముగిసి అందరమూ టీ గ్లాసులు పట్టుకొని నిలబడి ఉన్న వేళ, మన యువకుల మధ్య ఒక వాదన లేచింది. ఒకరు కొత్తగా పదిహేను వేల రూపాయల హెడ్‌ఫోన్ తెచ్చుకున్నారు. వైరు లేనిది, నల్లగా నిగనిగలాడుతూ చెవులను పూర్తిగా మూసేది. నెలనెలా వాయిదాల మీద కొన్నారు. ఇంకొకరి దగ్గర ఉన్నది పాతది. సన్నని ఇనుప పట్టీ, చెవుల మీద రెండు స్పాంజి బిళ్లలు, కిందికి వేలాడే వైరు. చూస్తే బస్టాండులో అమ్మే వస్తువు లాగే ఉంది. కాని ఆ యువకుడు పాటలంటే ప్రాణం పెట్టేవాడు, మన పాటల అభ్యాసంలో మైకులు సర్దేవాడు. “శబ్దం సంగతి బాగా తెలిసినవాళ్లు నలభై ఏళ్లుగా దీన్ని మెచ్చుకుంటూనే ఉన్నారు, ధర మాత్రం నీదాంట్లో మూడో వంతు కూడా లేదు” అన్నాడు.

ఆ రోజు మన మధ్య ఒక పెద్దాయన ఉన్నారు. పావగడ తాలూకా వల్లూరు నుండి కొడుకును చూడడానికి బెంగుళూరు వచ్చారు. అంతా విని ఒక్క మాట అడిగారు: “ఏమప్పా, అది అంత మంచిదయితే అంత తక్కువకి యాల ఇస్తారు?”

అందరూ నవ్వారు. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. మాకూ ఆ క్షణంలో తోచలేదు. ఆ ప్రశ్నను ఇంటికి తీసుకుపోయి, నాలుగు రోజులు ఆలోచించి, తెలిసినవారిని అడిగి, ఇది రాస్తున్నాము.

ముందుగా ఒక మాట. పెద్దాయన ప్రశ్న అమాయకత్వం కాదు. తక్కువ ధరను అనుమానించడం మన పల్లెల్లో నష్టపోయి నేర్చుకున్న పాఠం. తక్కువకు వచ్చిందని కొన్న విత్తనం మొలవకపోతే పోయేది విత్తనం ఖరీదు ఒక్కటే కాదు, ఒక పంటకాలం పోతుంది. వానలు అంతంత మాత్రంగా పడే పావగడ వంటి చోట ఒక పంటకాలం అంటే ఏమిటో మనలో చాలామందికి చెప్పనక్కరలేదు. అందుకే వాళ్లకు ధర ఒక హామీ వంటిది. ఎక్కువ పెడితే మోసం తగ్గుతుందని ఆశ. కాని ఆ ఆశ ఎప్పుడూ నిజమవుతుందా అన్నదే మన ముందున్న ప్రశ్న.

ఆ స్పాంజి బిళ్లల హెడ్‌ఫోన్ పేరు పోర్టా ప్రో. అమెరికాలోని మిల్వాకీ పట్టణానికి చెందిన కాస్ అనే సంస్థ 1984లో దాన్ని విడుదల చేసింది. ఆ సంస్థను నడిపిన జాన్ కాస్ 1958లో స్టీరియో వినడానికి తగిన హెడ్‌ఫోన్‌ను మొదటిసారి మార్కెట్టుకు తెచ్చినవాడు. నిజానికి ఆయన అమ్మాలనుకున్నది చేతిలో మోసుకుపోయే ఒక రికార్డు ప్లేయరు. దానికి తోడుగా పెట్టిన హెడ్‌ఫోనే జనానికి నచ్చింది. పోర్టా ప్రో రూపం 1984 నుండి పెద్దగా మారలేదు. అమెరికాలో దాని ధర యాభై డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది.

ఇటువంటివి ఇంకా ఉన్నాయి. జర్మనీలోని సెన్‌హైజర్ సంస్థ 1968లో తెచ్చిన హెచ్.డి.414 అనే తేలికైన హెడ్‌ఫోన్ వెనుక భాగం తెరిచి ఉండేది, పసుపు స్పాంజి బిళ్లలతో లక్షల మంది చెవులకెక్కింది. సోనీ వారి ఎం.డి.ఆర్.-7506 అనేది 1991లో వచ్చింది. వంద డాలర్ల చుట్టూ ఉండే ఆ హెడ్‌ఫోన్‌ను రేడియో స్టేషన్లలో, సినిమా షూటింగులలో, రికార్డింగు గదులలో ఇప్పటికీ చూడవచ్చు. లక్షలు ఖర్చు పెట్టి యంత్రాలు కొనే చోట కూడా చెవికి పెట్టుకునేది అదే. న్యూయార్కు బ్రూక్లిన్‌లో గ్రాడో అనే కుటుంబం 1990లలో తెచ్చిన ఎస్.ఆర్.60 కూడా ఈ కోవకు చెందినదే. ఇక రెండవ కొస చూడాలంటే, అదే సెన్‌హైజర్ సంస్థ 2015లో సుమారు 50,000 యూరోల హెడ్‌ఫోన్ ఒకటి ప్రకటించింది. ఆ డబ్బుతో మన ఊళ్లో ఇల్లు కట్టుకోవచ్చు.

మరి యాభై డాలర్ల వస్తువును తెలిసినవాళ్లు ఎందుకు వదలడం లేదు?

మొదటి కారణం, ఆ వస్తువు లోపల ఉన్నది చాలా కొంచెం. ఒక చిన్న అయస్కాంతం, సన్నని తీగ చుట్ట, దానికి అంటించిన పల్చని ప్లాస్టిక్ పొర. పాట తీగలో విద్యుత్తుగా వస్తుంది, చుట్ట కదులుతుంది, పొర వణుకుతుంది, చెవికి శబ్దం చేరుతుంది. పెద్ద స్పీకరు ఒక గది నిండా గాలిని కదిలించాలి, దానికి పెద్ద పెట్టె కావాలి, ఎక్కువ విద్యుత్తు కావాలి, గది గోడలు కూడా సహకరించాలి. హెడ్‌ఫోనుకు ఆ బాధ లేదు. అది కదిలించవలసినది చెవి దగ్గర ఉన్న గుప్పెడు గాలిని మాత్రమే. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియేల్ బాల్డ్‌విన్ అనే ఆయన తన వంటింట్లో కూర్చొని హెడ్‌ఫోన్లు తయారుచేసి ఆ దేశపు నౌకాదళానికి అమ్మాడు. వంటింట్లో పుట్టిన వస్తువు ఇది. బాగా చేయడానికి కావలసినది ఖరీదైన లోహం కాదు. పొర ఎంత మందం ఉండాలి, రంధ్రాలు ఎక్కడ ఉండాలి, స్పాంజి ఎంత మెత్తగా ఉండాలి అన్న తెలివి కావాలి. ఆ తెలివికి ఒకసారి ఖర్చు పెడితే చాలు. తరువాత నలభై ఏళ్లు అదే అచ్చులో పోసుకుంటూ పోవచ్చు.

పెద్దాయనకు ఈ సంగతి చెప్పడానికి మేము ఆయన ఊరినే సాక్ష్యంగా తెచ్చుకున్నాము. వల్లూరు, తిరుమణి, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు, ఈ ఐదు ఊళ్ల భూముల్లో 13,000 ఎకరాల మేర సోలార్ పలకలు పరిచారు. 2018 మార్చిలో ఆ పార్కు ప్రారంభమైంది, తరువాత దాని శక్తి 2,050 మెగావాట్లకు చేరింది. వేరుశనగ పండిన చోట ఈ రోజు ఎండ పండుతోంది. ప్రపంచమంతటా లెక్క చూస్తే 2010 నుండి 2020 వరకు పెద్ద సోలార్ కేంద్రాల విద్యుత్తు తయారీ ఖర్చు దాదాపు 85 శాతం తగ్గింది. పలకలు నాసిరకమై తగ్గలేదు. చేసే పద్ధతి తెలిసి, ఎక్కువగా చేసి, తప్పులు దిద్దుకొని తగ్గింది. కనుక ఒక వస్తువు ధర రెండు దారుల్లో తగ్గవచ్చు. తెలివి పెరిగి తగ్గడం ఒక దారి. సరుకు కల్తీ అయి తగ్గడం ఇంకొక దారి. మొదటిది చవక, రెండవది చవకబారు. మన భాష ఈ రెండింటికీ వేరు వేరు మాటలు ఇచ్చింది గాని, మనమే వాటిని కలిపేసుకుంటున్నాము.

రెండవ కారణం, ధర చూసి శబ్దం చెప్పలేము. ఇది ఎవరో అభిప్రాయంగా అన్న మాట కాదు, కొలిచి చూసిన సంగతి. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లను తీసుకొని, అడుగు స్వరం నుండి పై స్వరం దాకా ఏది ఎంత పలుకుతుందో కొలిచిన లెక్కలను వాటి అమ్మకపు ధరల పక్కన పెట్టి చూశాడు. ఆ రెండింటికీ సంబంధం కనబడలేదని ప్రకటించాడు. అంటే ఖరీదైనవన్నీ చెడ్డవని కాదు, చవకవన్నీ మంచివనీ కాదు. ధర చీటీ చదివి స్వరాల పొందిక ఊహించలేమని మాత్రమే. చెవికి సుఖంగా ఉండడం, గట్టితనం, బయటి రొద ఆపడం, ఇవి వేరే లెక్కలు. వాటికి డబ్బు పెట్టవలసి రావచ్చు.

వేరుశనగ కొనే వ్యాపారి గోనెసంచి మీద అచ్చు చూసి ధర కట్టడు. సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి, ఒలిచి, పప్పు చూసి కడతాడు. పోర్టా ప్రోను మెచ్చుకున్నవాళ్లు చేసినదీ అదే. సంచిని పక్కన పెట్టి కాయ ఒలిచారు.

మూడవ కారణం మాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచింది. ఈ వస్తువులకు లోపాలు లేక కాదు జనం ప్రేమిస్తున్నది. పోర్టా ప్రోలో అడుగు స్వరాలు కొంచెం ఎక్కువగా మోగుతాయి. బయటి రొద అంతా లోపలికి వస్తుంది, లోపలి పాట పక్కవాడికి వినబడుతుంది. ఇనుప పట్టీలో జుట్టు చిక్కుకుంటుంది. సోనీ దాని చెవి దిళ్లు కొన్నేళ్లకు పొట్టు రాలుస్తాయి. ఇవన్నీ దాన్ని వాడేవారందరికీ తెలుసు. తెలిసే ఉంచుకున్నారు. రికార్డింగు చేసేవాడు పాత హెడ్‌ఫోన్‌ను వదలకపోవడానికి కారణం అది నిర్దోషమైనదని కాదు, దాని దోషం తనకు కంఠతా వచ్చునని. “ఇందులో ఇంత మోగితే బయట ఇంతే ఉంటుంది” అని లెక్క కట్టగలడు. తూకపు రాయి బంగారంతో చేసింది కానక్కరలేదు. దాని బరువు అందరికీ తెలిసి ఉంటే చాలు, రేపు మారకుండా ఉంటే చాలు.

మనుష్యుల విషయంలోనూ ఇంతే కదా. మనం కష్టంలో తలుపు తట్టేది ఎవరి ఇంటి తలుపు? లోపమే లేని మనిషిది కాదు. ఆయన కోపం ఎంతసేపు ఉంటుందో, మాట ఎంతవరకు నిలుస్తుందో మనకు తెలిసిన మనిషిది.

నాలుగవది, ఈ వస్తువులు బాగు చేసుకోవడానికి లొంగుతాయి. స్పాంజి చిరిగితే కొత్త స్పాంజి వేసుకోవచ్చు. చెవి దిళ్లు పోతే అవి విడిగా దొరుకుతాయి. వైరు తెగితే అతికేవాడు ఎస్.పి. రోడ్డులో దొరుకుతాడు. వైరు లేని వాటిలో బ్యాటరీ ఉంటుంది. బ్యాటరీకి ఆయుష్షు కొన్నేళ్లే, చాలా వాటిలో దాన్ని మార్చే వీలు కూడా ఉండదు. పాట పలికే పొర బాగానే ఉంటుంది గాని వస్తువు చచ్చిపోతుంది. చవకబారు అన్న మాట పదిహేను వేల వస్తువుకు కూడా వర్తించే చోటు ఇదే. మన అమ్మలు సత్తు గిన్నెకు మాటు వేయించి వాడుకున్నవారు. వారి లెక్కలో మాటు పడని గిన్నె ఎంత ఖరీదైనా మంచి గిన్నె కాదు.

ఐదవది, అరువు ఇవ్వగలగడం. ఆ రోజు వాదన మధ్యలో పెద్దాయన చెయ్యి చాచి, “ఏదీ, నేనూ వింటా” అన్నారు. స్పాంజి బిళ్లల యువకుడు వెంటనే తీసి ఆయన తలకు తగిలించాడు. కొత్తది కొన్న యువకుడి చెయ్యి ఒక్క క్షణం తన దాని మీదే ఆగింది. అది పిసినితనం కాదు, మాకు తెలుసు. ఇంకా ఎనిమిది వాయిదాలు కట్టవలసి ఉంది, కింద పడితే ఎలా అన్న భయం. ఇతరులకు ఇవ్వడానికి భయపడే వస్తువును మనం పూర్తిగా సొంతం చేసుకున్నట్లు కాదు. అది కూడా మనలను కొంత సొంతం చేసుకుంది.

ఇంతవరకు చదివి, “అయితే చవకది కొనేవాడే మంచివాడా?” అని మీరు అడగవచ్చు. అలా చెప్పడానికి మాకు నోరు రాదు. ఇందులో రెండు చిక్కులున్నాయి.

ఒకటి, పొదుపులో కూడా గర్వం ఉంటుంది. “నీవు పదిహేను వేలు తగలేశావు, నేను నాలుగు వేలతో అంతకంటె బాగా వింటున్నాను” అనడంలో పాట మీద ప్రేమ ఎంత, పక్కవాడిని చిన్నబుచ్చే సంతోషం ఎంత? ఆ ఆదివారం నవ్వులో అది కొంచెం ఉంది. కొత్తది కొన్న యువకుడు ఆ నవ్వు విన్నాడు. తరువాత అతడు మాతో ఒంటరిగా ఒక మాట చెప్పాడు. తాను పని చేసే చోట అందరి మెడల్లోనూ అలాంటివే వేలాడుతుంటాయట. తన మాట యాస విని “ఏ ఊరు?” అని అడిగే చూపు, అది తగిలించుకున్న రోజు నుండి కొంచెం తగ్గిందట. ప్రియులారా, ఆ పదిహేను వేలలో శబ్దానికి పోయింది ఎంతో మాకు తెలియదు గాని, ఆ చూపు తప్పించుకోవడానికి పోయింది చాలా ఉంది. ఊరు విడిచి వచ్చిన మనలో ఎవరు ఆ పన్ను కట్టలేదు? కొందరం బూట్లతో కట్టాము, కొందరం ఫోనుతో కట్టాము, కొందరం ఊళ్లో పెళ్లికి అప్పు చేసి కట్టాము. కనుక అతడిని చూసి నవ్వే హక్కు మనకు లేదు. ఆ పన్ను అడిగే లోకాన్ని ప్రశ్నించే హక్కు ఉంది. మనలో మనం ఒకరినొకరు ఆ పన్ను అడగకుండా ఉండే బాధ్యత అంతకంటె ఎక్కువగా ఉంది.

అతడి వస్తువులో నిజమైన ఉపయోగం కూడా ఒకటి ఉందని చెప్పాలి. బెంగుళూరు బస్సులో గంటన్నర కూర్చొనేవాడు రొద మించి వినాలని పాట శబ్దం పెంచుతాడు. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం పెరిగిన కొద్దీ ఆ గంటలు చాలా వేగంగా తరిగిపోతాయి. బయటి రొదను ఆపే హెడ్‌ఫోన్ ఉంటే శబ్దం తగ్గించి వినవచ్చు. అటువంటివాడికి తెరిచి ఉన్న స్పాంజి బిళ్లలు సరిపోవు. పోయిన వినికిడిని తిరిగి కొనడానికి ఏ దుకాణమూ లేదు.

రెండవ చిక్కు ఇంకా పెద్దది. చవక అంటే ఎవరికి చవక? పెద్దాయన ఆ హెడ్‌ఫోన్ తీసి తిరిగి ఇస్తూ ధర అడిగారు. మన రూపాయల్లో నాలుగు వేల పైచిలుకు అని చెప్పారు. ఆయన వేళ్ల మీద లెక్క వేశారు. సోలార్ పార్కుకు భూమి ఇచ్చిన రైతులకు మొదట నిర్ణయించిన కౌలు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. “అంటే ఎకరా కౌలులో ఐదో భాగం. ఇదా మీరు చవక అంటాండేది?” అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. మిల్వాకీలో చవకైనది వల్లూరులో చవక కాదు. వల్లూరులో పాట వినేది బస్టాండులో కొన్న నూటయాభై రూపాయల ఇయర్‌ఫోన్‌తోనే. దాని మీద ఎవరూ పొగడ్తలు రాయరు. ఒక చెవి పలకడం మానేస్తే రెండవ చెవితో విని, అదీ మానేస్తే ఇంకొకటి కొంటారు. ఏడాదికి నాలుగైదు కొనేవాడు పదేళ్లలో ఎంత పెట్టినట్టో మీరే లెక్క వేయండి. పేదవాడు చవకది కొనడం లేదు, చవకబారుది పదే పదే కొంటున్నాడు. ఒకేసారి నాలుగు వేలు చేతిలో ఉండకపోవడమే అందుకు కారణం. ఇది తెలివితక్కువతనం కాదు, చేతిలో రొక్కం లేని స్థితి.

అందుకే మేము ఈ విషయాన్ని చిన్నదని అనుకోవడం లేదు. పాటను బాగా వినాలనే కోరిక విలాసమని కొందరు పెద్దలు అంటారు. అన్నం, బట్ట, పిల్లల చదువు తరువాతే పాట అన్నది నిజమే. కాని రోజంతా సిమెంటు మోసి, లేదా కంప్యూటరు ముందు కూర్చొని, రాత్రి కన్నతల్లి భాషలో ఒక పాటను స్పష్టంగా వినాలనుకోవడం తప్పు ఎలా అవుతుంది? మంచి శబ్దం ధనవంతుడికి, గరగర శబ్దం కూలివాడికి అని ఎవరూ రాసి పెట్టలేదు. బాగా ఆలోచించి చేసిన చవక వస్తువులో మాకు కనబడే న్యాయం ఇదే. చేసినవాడు కొనేవాడి డబ్బు తక్కువైనందుకు తన శ్రద్ధ తగ్గించలేదు. తెలిసినవాళ్లు ఆ వస్తువును ఇన్నేళ్లుగా మెచ్చుకోవడంలో ఆ శ్రద్ధకు చేసే నమస్కారం కూడా ఉందని మా నమ్మకం.

కాబట్టి ఏదైనా కొనే ముందు, హెడ్‌ఫోనే కానివ్వండి, మిక్సీయే కానివ్వండి, మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది చెప్పిన పని నిజంగా చేస్తుందా? పాడైతే బాగుపడుతుందా? పొరుగువాడు అడిగితే భయం లేకుండా ఇవ్వగలనా? ఈ మూడింటికీ అవునని జవాబు వస్తే, ధర ఎక్కువో తక్కువో అన్నది మన చేతిలోని డబ్బును బట్టి, ఊళ్లో మన కోసం చూస్తున్నవారిని బట్టి తేల్చుకోవచ్చు.

పెద్దాయన ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. ఆయన మధుగిరి మీదుగా పోయే పావగడ బస్సు ఎక్కే ముందు మేము ఇలా చెప్పాము: “మామా, దాన్ని చేసినవాళ్లకు పని బాగా వచ్చు, అందుకని తక్కువకి ఇవ్వగలుగుతున్నారు. ఎక్కువ అడిగేవాళ్లలో కొందరు పనికి అడుగుతారు, కొందరు మన సిగ్గుకు అడుగుతారు.” ఆయన కొంచెంసేపు ఊరుకొని, “సరేలే. ఆ పిల్లోనికి చెప్పండి, వాని దాంట్లో గూడా పాట బాగనే ఉంటాదని. నేను వినలేదు గదా, అడిగితే ఇచ్చుండేవాడే” అన్నారు.

ఆ మాట అతడికి చేరవేశాము. మరుసటి ఆదివారం అతడు తన హెడ్‌ఫోన్ తెచ్చి, పాటల అభ్యాసం అయ్యే దాకా బల్ల మీద అందరి మధ్య పెట్టాడు. చిన్న పిల్లలు కూడా తగిలించుకొని విన్నారు.

మీ ఇంట్లో కూడా ఏళ్ల తరబడి నమ్మకంగా పని చేస్తున్న చవక వస్తువు ఏదైనా ఉంటే, రేడియో, కుట్టుమిషను, ఇస్త్రీపెట్టె, ఏదైనా సరే, దాని గురించి మాకు నాలుగు మాటలు రాయండి. ఎన్నిసార్లు బాగు చేయించారో, ఎవరెవరికి అరువు ఇచ్చారో కూడా రాయండి.